కొనని నత్త తొట్టెలోకి ఎలా వచ్చింది?

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మొక్కలు వేసిన చేపల తొట్టె ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా, మాట కాసేపటికి నత్తల మీదికి మళ్ళుతుంది. ఆదివారం తెల్లవారుజామున లోకల్ ఎక్కి హౌరా వెళ్ళి, అక్కణ్ణుంచి బాగ్‌బజార్ దగ్గరున్న గ్యాలిఫ్ స్ట్రీట్ సంతలో నాలుగు కట్టల మొక్కలు కొని, తడి కాగితంలో చుట్టించుకుని, నూటపదిహేను కిలోమీటర్లు ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి అద్దం మీద ఆవగింజంత నత్తలు కనిపిస్తాయి. ఇంకో నెలకు లెక్క అందదు. "ఒక్క నత్తనైనా కొనలేదండీ, ఇన్ని ఎలా వచ్చాయి?" అని అడుగుతారు. వెంటనే ఇంకోటి అడుగుతారు: "చావడానికి ఏ మందు వెయ్యాలి?"

ఈ రెండో ప్రశ్నకు తొందరపడి చెప్పిన జవాబులు నత్తలకంటే చేపలనే ఎక్కువగా చంపాయి. కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి, మెల్లగా రెండోదాని దాకా వద్దాం.

కొనకుండా ఎలా వచ్చింది?

మొక్కతో వచ్చింది. చాలాసార్లు నత్తగా కాక గుడ్డుగా వస్తుంది కాబట్టే కొనేటప్పుడు కంటికి ఆనదు. మనం తొట్టెల్లో పెంచే మొక్కలు చాలామట్టుకు చెరువుల్లోనో, నర్సరీల సిమెంటు తొట్లలోనో పెరిగినవి. హైడ్రిల్లా, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, హైగ్రోఫిలా అయితే బెంగాల్ పుకూర్‌లలో, అంటే చెరువుల్లో, వాటంతట అవే పెరుగుతాయి. కొందరు కొనకుండా నేరుగా చెరువులోంచే తెచ్చుకుంటారు. నత్తలు పుట్టిపెరిగే చోటు కూడా అదే కదా.

ఆకును తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అడుగున, కాడ దగ్గర, ఆకులు కలిసే ఇరుకులో, పారదర్శకంగా ఉండే జిగురు ముద్ద కనిపించవచ్చు. అందులో చిన్న చిన్న చుక్కల్లా కనిపించేవే గుడ్లు. ఒక్కో ముద్దలో పదుల కొద్దీ ఉంటాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ ఈ ముద్ద కంటికి దొరకదు. వేలితో తడిమితే జారుడుగా తగులుతుంది. మొక్కలతోనే కాదు, చేపలు కట్టి ఇచ్చిన సంచీ నీళ్ళతోనూ, స్నేహితుడి తొట్టెలోంచి తెచ్చిన ఫిల్టర్ స్పాంజితోనూ, తడి ఆరని వలతోనూ, గులకరాళ్ళతోనూ నత్తలు వస్తాయి.

ఒక్కటి వచ్చినా చాలు. మన తొట్టెల్లో ఎక్కువగా కనిపించే నత్తల్లో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి. జత దొరికితే జతకడతాయి, దొరక్కపోతే తమంతట తామే గుడ్లు పెట్టగలవు. ఒక నత్త వారానికి ఒకే ముద్ద పెట్టిందనుకుందాం. అందులో ఇరవై గుడ్లుండి సగమే బతికాయనుకుందాం. నెలకు నలభై పిల్లలు. వెచ్చని నీటిలో గుడ్లు వారం పది రోజుల్లో పగులుతాయి. ఆ పిల్లలు నెలా రెండు నెలల్లో గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి. ఖరగ్‌పూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో తొట్టె నీరు ముప్పై డిగ్రీలు దాటుతుంది కాబట్టి అప్పుడు ఈ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. "నిన్న లేవు, ఇవాళ ఉన్నాయి" అనిపించేది అందుకే. నిన్న కూడా ఉన్నాయి, కంటికి ఆనేంత ఎదగలేదు.

తొట్టెలో ఉన్నది ఏ నత్త?

ఇది తెలుసుకోకుండా ఏ ప్రయత్నం చేసినా సగం శ్రమ వృథా. మనవైపు తొట్టెల్లో ముఖ్యంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది ఫైసా, అక్వేరియం దుకాణాల్లో బ్లాడర్ స్నెయిల్ అంటారు. అర అంగుళం దాటదు, పల్చని మెరిసే గుల్ల, చురుకైన నడక. గుల్ల మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే నోరు ఎడమపక్కకు ఉంటుంది. ఉత్తర అమెరికాలో పుట్టి, నీటి మొక్కల వ్యాపారంతో ప్రపంచమంతా పాకిన నత్త ఇది. అద్దం మీద గుంపులు కట్టేది ఎక్కువగా ఇదే.

రెండోది లిమ్నియా, అంటే అసలైన చెరువు నత్త. చూడడానికి ఫైసాలాగే ఉంటుంది గానీ గుల్ల నోరు కుడిపక్కకు ఉంటుంది. మీసాలు కూడా తేడాయే: ఫైసావి దారాల్లా సన్నగా ఉంటే, లిమ్నియావి బల్లపరుపుగా, ముక్కోణాల్లా ఉంటాయి. మొక్కలకు హాని చెయ్యగలిగేది ఇది. ఈ తేడా తెలియక చాలామంది ఫైసా మీద కోపం తీర్చుకుంటారు.

మూడోది రామ్స్‌హార్న్, బల్లపరుపుగా చుట్ట చుట్టుకున్న నత్త. పెద్దగా పెరిగే దేశీ రకం పేరు ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్. వరి పొలాల్లో, పశువులు దిగే చెరువుల్లో బాగా ఉంటుంది. నెత్తురులో హీమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఒళ్ళు ఎర్రగా కనిపిస్తుంది. ఆక్సిజన్ తక్కువున్న మురికి నీటిలోనూ నెగ్గుకు రావడానికి అదే సాయం.

నాలుగోది ట్రంపెట్ స్నెయిల్, శాస్త్రీయంగా మెలనాయిడిస్ ట్యూబర్క్యులేటా. పొడవుగా, మొనదేలి, మరమేకులా ఉంటుంది. దుకాణంలో దీన్ని మలేషియా నత్త అంటారు. కానీ డెన్మార్క్ శాస్త్రవేత్త ఓటో ఫ్రెడరిక్ ముల్లర్ 1774లో దీన్ని మొదట వర్ణించింది మన కోరమండల్ తీరం నుంచి వెళ్ళిన గుల్లను చూసి. పగలంతా ఇసుకలో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మగ తోడు లేకుండానే ఆడది పిల్లల్ని కనగలదు. గుల్ల నోటికి గట్టి మూత ఉంటుంది. బయట ఏ మందు తగిలినా మూత బిగించుకుని కూర్చుంటుంది. ఈ మూత సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పని పడుతుంది.

వీటితోపాటు బజారులో బుట్టల్లో పోసి అమ్మే గుగ్లీల గురించి కూడా అడుగుతారు. మన బెంగాలీ ఇరుగుపొరుగు వాటిని ఉల్లిపాయ, బంగాళాదుంప వేసి వండుకుంటారు. గుగ్లి పేరు బెల్లమియా బెంగాలెన్సిస్. నెమ్మదస్తురాలు, పాచీ అడుగున చేరిన మడ్డీ తింటుంది, కొద్దికొద్దిగానే పిల్లల్ని పెడుతుంది. తొట్టెకు పెద్ద బెడద కాదు. దాని పక్కనే అమ్మే పెద్ద గుండ్రని పైలా నత్త మాత్రం మొక్కలున్న తొట్టెలోకి రాకూడదు. లేత ఆకుల్ని రాత్రికి రాత్రే నమిలేస్తుంది.

నా మొక్కల్ని తినేస్తున్నాయా?

ఆకులో చిల్లు, ఆ చిల్లు పక్కనే నత్త. కళ్ళారా చూశాం కదా అంటారు. ఇక్కడ కాస్త ఓపిక పట్టమని నా మనవి. ఫైసా, రామ్స్‌హార్న్ నత్తల నాలుక గీరే నాలుక. అది మెత్తని పాచిని, చచ్చిపోతున్న ఆకుల్ని గీరుతుంది. గట్టిగా, ఆరోగ్యంగా ఉన్న ఆకు దానికి లొంగదు. మరి చిల్లు ఎలా పడింది? చాలాసార్లు పొటాషియం లోపం వల్ల. ముదురు ఆకుల మీద ముందు సూదిపోటంత చుక్క పడుతుంది, దాని చుట్టూ పసుపు అంచు వస్తుంది, తర్వాత ఆ చోటు కుళ్ళి చిల్లవుతుంది. కుళ్ళిన అంచును తినడానికి నత్త అక్కడికి చేరుతుంది. మనం చూసేసరికి చిల్లూ ఉంటుంది, నత్తా ఉంటుంది.

అనుమానం తీర్చుకోవడానికి తేలికైన దారి ఉంది. ఒక గాజు సీసాలో తొట్టె నీళ్ళు పోసి, మచ్చ లేని లేత ఆకు ఒకటి, పండిపోయిన ఆకు ఒకటి వేసి, నాలుగైదు నత్తల్ని వదలండి. రెండు రాత్రులు ఆగి చూడండి. పండుటాకు మాత్రమే తగ్గి, లేతాకు అలాగే ఉంటే నత్తల తప్పు లేదు, మొక్కకు ఎరువు కావాలి. లేతాకు కూడా చిరిగిపోతే మీ దగ్గరున్నది లిమ్నియానో, పైలా పిల్లో అయ్యుంటుంది. అప్పుడు గుల్ల నోరు ఏ పక్కకు ఉందో చూసుకోండి.

మరి ఇన్నెందుకు అయ్యాయి?

ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. తొట్టెలో ఎన్ని నత్తలున్నాయన్నది తొట్టెలో ఎంత తిండి మిగులుతోందో చెప్పే లెక్క. నత్త గాలి తిని బతకదు. అడుగున చేరిన మేత, కుళ్ళిన ఆకులు, అద్దం మీద పాచి, ఎక్కడో మూల చచ్చిపడిన చేప, వీటిలో ఏదో ఒకటి ఉంటేనే పిల్లలు బతుకుతాయి. తిండి తగ్గితే గుడ్లు తగ్గుతాయి, పుట్టిన పిల్లలు ఎదగక రాలిపోతాయి. తిండి అలాగే ఉంచి ఈరోజు వంద నత్తల్ని తీసేస్తే, మిగిలిన పదికీ ఆ వంద వాటా దొరుకుతుంది. నెలలో మళ్ళీ వంద.

మన ఇళ్ళలో మేత ఎక్కువ పడడానికి కారణం ప్రేమే. పొద్దున తాతగారు వేస్తారు, బడికి వెళ్తూ పిల్లాడు చిటికెడు వేస్తాడు, సాయంత్రం డ్యూటీ దిగివచ్చిన నాన్న మళ్ళీ వేస్తాడు. చేపలు అద్దం దగ్గరికి వచ్చి ఆడుతుంటే ఆకలేమో అనిపిస్తుంది. చేప ఎప్పుడూ అలాగే వస్తుంది. ఇంట్లో మేత వేసే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. రెండు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినేసేంత మాత్రమే వెయ్యాలి. వారంలో ఒకరోజు అసలు వెయ్యకపోయినా పెరిగిన చేపలకు ఏమీ కాదు. అప్పుడే పుట్టిన చేపపిల్లలుంటే మాత్రం ఈ ఉపవాసం వద్దు.

మేత తర్వాత మొక్కలు చూడాలి. కొత్తగా నాటిన క్రిప్టోకోరైన్ లాంటివి మొదటి వారాల్లో ఆకులు కుళ్ళిపోయి రాలుస్తాయి. మొక్క చావలేదు, కొత్త నీటికి అలవాటు పడుతోందంతే. కానీ ఆ కుళ్ళిన ఆకులు నత్తలకు పండగ. కత్తెర పెట్టి మొదట్లోకి కత్తిరించి తీసేయాలి. లైటు పది పన్నెండు గంటలు వెలుగుతుంటే పాచి పెరుగుతుంది, పాచితో నత్తలు పెరుగుతాయి. ఏడెనిమిది గంటలు చాలు.

ఈ మార్పుల ఫలితం వెంటనే కనబడదు. ఉన్న నత్తలు కొన్నాళ్ళు బతుకుతాయి, ఆకలితో అద్దమంతా తిరుగుతూ ముందుకంటే ఎక్కువగా కూడా కనిపిస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి.

ఉన్నవాటిని చేత్తో ఎలా తగ్గించాలి?

రాత్రి లైటు ఆర్పే ముందు దోసకాయ చక్రమో, ఉడికించి చల్లార్చిన సొరకాయ ముక్కో ఒక ఫోర్కుకు గుచ్చి అడుగున పెట్టండి. తెల్లారేసరికి నత్తలు దాన్ని కప్పేసి ఉంటాయి. ముక్కతో సహా పైకి తీసేయండి. మర్చిపోయి మధ్యాహ్నం దాకా ఉంచితే ఆ ముక్కే మేతవుతుంది. ట్రంపెట్ నత్తల్ని పట్టడానికి ఇంతకంటే మంచి దారి లేదు, ఎందుకంటే అవి పగలు దొరకవు. అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే అవి ఇసుక మీద ఎన్నున్నాయో అప్పుడు తెలుస్తుంది.

అద్దం మీది గుడ్ల ముద్దల్ని పాత ప్లాస్టిక్ కార్డుతో గీరేయండి. గీరినవి నీళ్ళలో పడిపోతే అక్కడే పగులుతాయి. కాబట్టి గీరుతున్నప్పుడే సైఫన్ పైపును పక్కనే పెట్టి లాగించేయాలి. నీళ్ళు మార్చే రోజే ఈ పని పెట్టుకుంటే వేరే శ్రమ ఉండదు. అప్పుడే ఇసుక పైపొరను కూడా సైఫన్‌తో శుభ్రం చేస్తే మడ్డీ పోతుంది, నత్తపిల్లలూ పోతాయి. ఫిల్టర్ స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. కుళాయి నీళ్ళలో పిండితే క్లోరిన్‌కు మంచి బ్యాక్టీరియా చస్తుంది.

మందు ఎందుకు వద్దు?

నత్తల మందు పేరుతో దుకాణాల్లో అమ్మే చాలా సీసాల్లో ఉండేది రాగి లవణం, మన మైలుతుత్తం కుటుంబం. రాగి నత్తల్ని చంపుతుంది, నిజమే. రొయ్యల్ని కూడా చంపుతుంది. చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది, పొలుసులు లేని చేపల్ని ముందుగా. కొన్ని మొక్కలు కూడా దానికి తట్టుకోలేవు.

ఖరగ్‌పూర్‌లో దీనికి ఇంకో చిక్కు ఉంది. రాగి విషం ఎంత పనిచేస్తుందన్నది నీటి కాఠిన్యం మీద ఆధారపడుతుంది. గట్టి నీటిలో కాల్షియం, మెగ్నీషియం రాగితో పోటీపడి మొప్పల మీద దాన్ని అంతగా పట్టనివ్వవు. మెత్తని నీటిలో ఆ అడ్డు లేదు. అదే కొలత రెండింతల దెబ్బ కొట్టొచ్చు. మనది ఎర్రమొరం నేల. ఇలాంటి నేలల్లో చాలాచోట్ల నీరు మెత్తగా, కాస్త ఆమ్లంగా ఉంటుంది. మీ ఇంట్లో నత్తల గుల్లల మొనలు తెల్లబడి గుంటలు పడి ఉంటే నీటిలో సున్నం తక్కువని అర్థం. అలాంటి నీటిలో సీసా మీద రాసిన కొలత నమ్మి రాగి వెయ్యడం చేపలతో పందెం కాయడమే. కుళాయి, బోరు నీళ్ళు కలిపి వాడే ఇళ్ళలో ఆ కాఠిన్యం వారం వారం మారుతుంది కూడా. చిన్న టెస్ట్ కిట్‌తో చూసుకోవడం మంచిది.

ఇంకో ప్రమాదం మందు పనిచేసిన తర్వాత మొదలవుతుంది. వందల నత్తలు ఒక్కసారి చస్తే అవన్నీ కుళ్ళుతాయి. ఫైసాలైనా పైన కనబడతాయి, ఏరేయొచ్చు. ట్రంపెట్ నత్తలు ఇసుకలోనే చచ్చి అక్కడే కుళ్ళుతాయి. అమ్మోనియా పెరుగుతుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకు అంత పని ఒక్కసారి అందుకోవడం చేతకాదు. కుళ్ళడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఇరవై డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టి ఉంచగలిగితే, ముప్పై డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో నత్తల మందు వేసిన తొట్టెలో చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడానికి ఈ రెండూ కలిసి కారణం.

వేపనూనె, వెల్లుల్లి, వక్క వంటివాటి గురించి కూడా అడుగుతారు. గోరఖ్‌పూర్ విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో ఇలాంటి మొక్కల సారాలు లిమ్నియా నత్తల మీద ఎలా పనిచేస్తాయో ఏళ్ళ తరబడి పరిశోధించారు. పశువులకు కాలేయపు జలగ రోగం మోసుకొచ్చే నత్తల్ని అదుపు చెయ్యడానికి చేసిన పని అది. నత్తల్ని చంపగలిగింది చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన చేపలకు మంచిది అయిపోదు. ఇంట్లో అంచనాగా నూరి పోసే కషాయానికి కొలత ఉండదు.

నత్తల్ని తినే చేపనో, నత్తనో వేస్తే?

ఇది మందుకంటే మెరుగైన ఆలోచనే, కానీ దాని బాధ్యత దానికుంది. బెంగాల్ నదుల్లోనే నత్తల్ని తినే చేప ఉంది: బోటియా డారియో, బెంగాలీలో రాణీ మాఛ్. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద అచ్చువేసిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. పచ్చని ఒంటి మీద నల్లని చారలతో నిజంగానే అందంగా ఉంటుంది. ఇది ఒంటరిగా ఉంటే బెదిరిపోతుంది, కనీసం ఐదారు ఉండాలి, అంటే పెద్ద తొట్టె కావాలి. రెండడుగుల తొట్టెలో నత్తల కోసం ఒక్క బోటియాను వెయ్యకండి.

చిన్న తొట్టెకు పఫర్ చేప వెయ్యమని దుకాణంలో సలహా ఇస్తారు. నైరుతి భారతదేశపు నదుల్లో మాత్రమే పుట్టే బఠాణీ అంత పఫర్ అది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన సుందర్‌లాల్ హోరా, కె. కె. నాయర్ 1941లో దాన్ని వర్ణించారు. నత్త కనబడితే వదలదు. కానీ గప్పీల తోకల్ని కూడా వదలదు. పైగా అక్వేరియం వ్యాపారం కోసం నదుల్లోంచి పట్టేస్తున్నందువల్ల దాన్ని అంతర్జాతీయంగా ముప్పు జాబితాలో చేర్చారు. ఊరికే వచ్చిన నత్తల కోసం ముప్పులో ఉన్న చేపను కొనడం నాకు సమ్మతం కాదు.

అసాసిన్ స్నెయిల్ అనే ఆగ్నేయాసియా నత్త మరో దారి. పసుపు, గోధుమ చారల గుల్ల. తోటి నత్తల్ని వేటాడి తింటుంది, మొక్కల జోలికి పోదు. వాటిలో ఆడా మగా వేరు, సంతానం మెల్లగా పెరుగుతుంది. ముప్పై లీటర్ల తొట్టెకు రెండు మూడు చాలు. వాటి పని నెలల్లో కనిపిస్తుంది, రోజుల్లో కాదు. ట్రంపెట్ నత్తను ఇసుకలోకి దిగి మరీ పట్టగలదన్నది దీనిలో నాకు నచ్చిన గుణం. అయితే మేత ఎక్కువ పడుతున్న తొట్టెలో ఇది కూడా ఓడిపోతుంది.

అసలు రాకుండా ఆపడం ఎలా?

కొత్త మొక్కను నేరుగా తొట్టెలో పెట్టకపోవడమే అసలు ఉపాయం. ముందు కట్ట విప్పి, సీసపు రేకు తీసి, కుండీలో వచ్చిందైతే దూది తొలగించి, కుళాయి కింద ఆకు ఆకు కడగండి. పండిన, చిరిగిన ఆకుల్ని తీసేయండి. గుడ్లు ఎక్కువగా వాటి మీదే ఉంటాయి.

తర్వాత పటిక. మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండే వస్తువే. నాలుగు లీటర్ల నీళ్ళలో రెండు పెద్ద చెంచాల పటిక పొడి కరిగించి మొక్కల్ని రెండు మూడు గంటలు ముంచి ఉంచండి. పెద్ద నత్తలు, పిల్లలు చాలావరకు రాలిపోతాయి. తర్వాత మంచినీళ్ళలో రెండు మూడుసార్లు కడగాలి. ఇంకా గట్టి దెబ్బ కావాలనుకునేవాళ్ళు బట్టలకు వాడే ద్రవ బ్లీచి ఒక వంతు, నీళ్ళు పంతొమ్మిది వంతులు కలిపి, అనూబియాస్ లాంటి గట్టి ఆకుల మొక్కల్ని రెండు నిమిషాలు ముంచుతారు. వెంటనే తీసి, యాంటీక్లోరిన్ ఎక్కువగా కలిపిన నీళ్ళలో ముంచాలి. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, మాస్‌లకు ఈ పద్ధతి వద్దు, కరిగిపోతాయి. బ్లీచిని బాత్‌రూమ్ ఆసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. చిన్నపిల్లలు ఉన్న చోట ఈ పని పెట్టుకోకండి.

ఇన్ని చేసినా గుడ్ల ముద్దలోని జిగురు మందును లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు, ట్రంపెట్ నత్త మూత బిగించుకుంటుంది. అందుకే ముంచడం ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. ముంచిన మొక్కల్ని విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బులో, చేపలు లేకుండా, కాస్త వెలుతురు తగిలే చోట మూడు నాలుగు వారాలు ఉంచండి. ఆ లోపు గుడ్లు పగిలి పిల్లలు బయటపడతాయి. రెండు వారాలకు ఇంకోసారి పటిక నీటిలో ముంచితే, గుడ్డులో తప్పించుకున్నది పిల్లగా దొరుకుతుంది. జనవరిలో మన దగ్గర రాత్రి చలి పది పన్నెండు డిగ్రీలకు దిగినప్పుడు గుడ్లు ఆలస్యంగా పగులుతాయి. అప్పుడు ఇంకో రెండు వారాలు కలపండి. టబ్బులో దోమలు గుడ్లు పెట్టకుండా పైన పల్చని గుడ్డ కట్టండి, లేదా మూడు రోజులకొకసారి నీళ్ళు మార్చండి.

ఈ ఓపిక లేనివారికి టిష్యూ కల్చర్ మొక్కలున్నాయి. ప్రయోగశాలలో జెల్ మీద పెంచి, మూత వేసిన డబ్బాల్లో అమ్ముతారు. నీటి నత్త వాటి దరికి చేరే అవకాశమే లేదు. ధర ఎక్కువే. అయినా మొదటిసారి తొట్టె పెట్టుకునేవారు అన్ని మొక్కలూ ఇవే తీసుకుంటే నత్తల బాధ అసలు మొదలవ్వదు.

పూర్తిగా లేకుండా చెయ్యాలా?

అక్కర్లేదని నా అభిప్రాయం. పదో పాతికో నత్తలు మిగిలిన మేతను తిని, అద్దం మీది పాచిని గీరి, ఇసుకను కదిలిస్తూ మేలే చేస్తాయి. ట్రంపెట్ నత్త మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. పట్టపగలు అవన్నీ ఇసుక వదిలి అద్దం పైకి ఎక్కుతుంటే నీటిలో ఏదో తేడా ఉందని, ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గిందని అనుమానించండి. ఫైసా పైకి వచ్చినప్పుడు కంగారు పడక్కర్లేదు. అది గాలి పీల్చే నత్త, రోజూ వస్తుంది.

పిల్లలు తొట్టెలో చెయ్యి పెడతారు, ప్రమాదమా?

నెలల తరబడి మీ తొట్టెలోనే పుట్టిపెరిగిన నత్తలతో భయం లేదు. చెరువులోంచి కొత్తగా తెచ్చిన నత్తల సంగతి వేరు. ఇండోప్లానార్బిస్ నత్తలో పశువుల పరాన్నజీవులు పెరుగుతాయి. అవి నత్తలోంచి నీళ్ళలోకి వచ్చి మనిషి చర్మంలోకి దూరితే దురద, దద్దుర్లు వస్తాయి. నాట్ల సమయంలో పొలంలో దిగినవాళ్ళకు వచ్చే దురదల్లో ఇదొకటి. పశువూ పక్షీ అందుబాటులో లేని ఇంటి తొట్టెలో ఆ చక్రం సాగదు. చెరువు మొక్కల్ని కడిగేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. అంతకుమించి అక్కర్లేదు.

తీసిన నత్తల్ని ఏం చెయ్యాలి?

కాలవలోనో, దగ్గరి పుకూర్‌లోనో పారబోయడం సర్వసాధారణం. దయతో చేసేవాళ్ళూ ఉన్నారు, చంపడం ఇష్టంలేక. అది దయ కాదని చెప్పడానికి బెంగాల్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. విలియం బెన్సన్ అనే బ్రిటిష్ అధికారి మారిషస్ నుంచి ఆఫ్రికా పెద్ద నత్తల్ని తెచ్చాడు. 1847లో వాటిని కోల్‌కతా చౌరంగీలో ఒక తోటలోకి వదిలారు. ఇవాళ వానాకాలం రాత్రి గోడల మీద, బొప్పాయి చెట్ల మీద, కూరపాదుల మీద పాకే అరచేతి పొడవు నత్త అదే. బెంగాల్ నుంచి మన ఆంధ్ర, తెలంగాణ తోటల దాకా రైతుల్ని ఏడిపిస్తోంది. ఫైసా కూడా ఇలాగే తొట్టెల్లోంచి కాలువల్లోకి, కాలువల్లోంచి చెరువుల్లోకి చేరి, ప్రపంచంలో చాలా చోట్ల స్థానిక నత్తల తిండికి పోటీ అయింది.

తీసిన నత్తల్ని ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్ పైఅరలో, మంచు కట్టే చోట, ఒక రోజంతా ఉంచండి. తర్వాత పూలకుండీ మట్టిలో నాలుగంగుళాల లోతున పాతిపెడితే గుల్లల్లోని సున్నం మొక్కకు పనికొస్తుంది. చేపలు తినే రకాలైతే ఇంట్లో పుట్టిన చిన్న నత్తల్ని గుల్ల చిదిపి మేతగా వెయ్యొచ్చు, కానీ ఆరోజు మామూలు మేత తగ్గించాలి. కత్తిరించిన మొక్కల కొమ్మల్ని మేడ మీద ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టాకే చెత్తలో వెయ్యండి, ఎందుకంటే తడి కొమ్మ మీద గుడ్డు బతికే ఉంటుంది. తొట్టెలోంచి తోడిన నీళ్ళను గుడ్డలో వడకట్టి కుండీలకు పోయండి, ఆ గుడ్డను కూడా ఎండలో ఆరేయండి.